ఆటు నీటి బాప్తిస్మం

లెమ్యుయెల్ సంచి మళ్ళీ మెట్ల మీదికొచ్చింది.

పొద్దున్న లేస్తూనే డెల్ఫీన్ చేసిన పని అదే. సోఫా పక్కనున్న ఆ ఖాకీ సంచిని చెవి పట్టుకుని ఈడ్చుకుపోయి, వరండా దాటించి కింది మెట్టు మీద పడేసింది. సోఫా మీద తమ్ముడు మేలుకునే ఉన్నాడు. కళ్ళప్పగించి చూశాడే గానీ ఒక్క మాటా అనలేదు. ఆమె కూడా అనలేదు. వాడు ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలంటూ ఏమన్నా ఉంటే ఆ సంచి ద్వారానే.

కాఫీ కాచి తీసుకొచ్చేసరికి తల్లి ఆర్నెటా గౌను అంచు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఆ సంచిని లోపలికి లాక్కొస్తోంది.

"ఎవరో పాపం సంచి మర్చిపోయి పోయారే. మంచుకి తడిసిపోదూ," అంది.

నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట. నిన్నటి సంగతి ఆవిడకి గుర్తు లేదు కనక ప్రతి పొద్దుటా అదే జాలి, అంతే కొత్తగా. సంచిని సోఫా పక్కన జాగ్రత్తగా నిలబెట్టి, దాని మీద అంటిన నాచు దులిపి, అక్కడ కూర్చున్న కొడుకుని చూసి నిండుగా నవ్వింది.

"లేచావురా లెమ్? రా, తిందువు గాని. చల్లారిపోతోంది."

అసలు వాణ్ణి పిలిచిందే ఆవిడ. జాక్సన్‌విల్‌లో వాడుండే అద్దె ఇంటి ఫోను నంబరు ఆ మనసు అడుగున ఎక్కడ మిగిలిపోయిందో, ఏ గడియన పైకి తేలిందో ఎవరికీ తెలియదు. ఒకరోజు డెల్ఫీన్ పీతల షెడ్డుకి పనికి పోయినప్పుడు ఫోన్ చేసి, అన్నం చల్లారిపోతోంది, ఇంకా రాలేదేంరా అని అడిగిందట. తలుపు మూసి, నాకు కొడుకు లేడు అన్న తల్లి నోట ఇన్నేళ్ళకి వచ్చిన మాట. వాడు అప్పటికప్పుడు బస్సెక్కాడు. దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చానని తర్వాత చెప్పాడు. గుమ్మంలో తల్లి వాణ్ణి కావలించుకుని, వీపు నిమిరి, భుజం మీదుగా వీధిలోకి చూసి అడిగింది: సైలస్ ఏడిరా, పడవ దగ్గరే ఉండిపోయాడా అని.

అప్పుడర్థమైంది వాడికి, ఆవిడ ఏ కాలంలో నిలబడి పిలిచిందో.

సైలస్ డెల్ఫీన్ కొడుకు. ఉంటే ఈపాటికి పెళ్ళయి పిల్లలున్నవాడయేవాడు. బడికెళ్ళే వయసులో ఒక పొద్దున్న మేనమామ లెమ్యుయెల్ వెంట రొయ్యల వేటకి పోయాడు. మేనమామ రాత్రంతా తాగి ఉన్నాడు. చుక్కాని దగ్గర కూర్చుని నిద్రపోయాడు. పడవ ఇసక తిప్పకి కొట్టుకుంది. ముందు వైపు నిలబడ్డ పిల్లవాడు ఎగిరి నీళ్ళలో పడ్డాడు. మేనమామ బతికాడు. ఏడాది తిరక్కుండా సైలస్ తండ్రి, ఈ నీళ్ళు చూస్తూ ఉండలేనని ఉత్తరాదికి పోయి అక్కడే వేరే సంసారం పెట్టుకున్నాడు. డెల్ఫీన్ మాత్రం ఈ దీవిలోనే, ఈ ఉప్పుటేటి ఒడ్డునే, తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది.

ఆర్నెటా బల్ల మీద రొయ్యలు వేసిన మొక్కజొన్న జావ వడ్డించింది. నాలుగు గిన్నెలు. నాలుగోది కిటికీ పక్క ఖాళీ కుర్చీ ముందు. ఆ గిన్నె వైపు చూసింది. కుర్చీ వైపు చూసింది.

"సైలస్ ఏడీ?"

రోజూ డెల్ఫీన్, బడికెళ్ళాడమ్మా అంటుంది. ఆవిడ, ఓహో అంటుంది. తర్వాత డెల్ఫీన్ ఆ గిన్నెలోది మళ్ళీ కుండలో పోస్తుంది. ఇవాళ మాత్రం ఆమె చేతులు కట్టుకుని వెనక్కి వాలింది.

"అడుగుతోందిగా," అంది తమ్ముడితో. "చెప్పు."

లెమ్యుయెల్ చెంచా కింద పెట్టాడు. వాడి తల బాగా నెరిసింది. గడ్డం కూడా నెరిసింది. తండ్రి పోయేనాటికి ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు. తల్లి వాడి మొహంలోకి, చెప్పబోయేది మంచి కబురే అన్నంత నమ్మకంగా చూస్తోంది.

"అమ్మా," అన్నాడు. "సైలస్..."

"బడికెళ్ళాడమ్మా," అంది డెల్ఫీన్ చప్పున.

"ఓహో," అంది ఆర్నెటా. జావలో వెన్న కలుపుకుంది.

డెల్ఫీన్ ఆ నాలుగో గిన్నె తన ముందుకి లాక్కుంది. తననే తను ఒక్క క్షణం అసహ్యించుకుంది. కిందటి చలికాలంలో, రోజూ అబద్ధమాడలేక ఒకసారి తల్లికి నిజం చెప్పేసింది. ఆవిడ అప్పుడే విన్నట్టు విన్నది. పొద్దు వాలేదాకా గుండెలు బాదుకుని ఏడ్చింది. అలిసి ఓ కునుకు తీసి లేచి, సైలస్ ఏడీ అంది. ఆ రోజు నుంచీ డెల్ఫీన్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గిన్నెలు కడుగుతుంటే వాడు వెనక వచ్చి నిలబడ్డాడు. ఒక్కసారి చెప్పుకోనీ అక్కా, అన్నాడు. కాళ్ళ మీద పడి ఒక్కసారి చెప్పుకుంటాను. తిట్టనీ, గెంటేయనీ. దాని కోసమే వచ్చాను.

"నీ బరువు దిగడానికి ఆవిడ చేత మనవణ్ణి మళ్ళీ పాతిపెట్టిస్తావా?"

వాడు గుడ్డ తీసుకుని కడిగిన గిన్నె ఒకటి తుడిచాడు.

"ఆవిడ నిన్ను క్షమించలేదురా. మర్చిపోయింది. ఆ రెండూ ఒకటి కాదు."

"తెలుసక్కా." గొంతు తగ్గించాడు. "కానీ దేవుడి దగ్గర ఆ రెండూ ఒకటేనంటారు గదా. ఒకసారి క్షమిస్తే ఇక గుర్తే పెట్టుకోడంటారు."

డెల్ఫీన్ కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడులో ఇంకేం వినబడకుండా పోయింది. తిరిగి చూసేసరికి వాడు లేడు. వరండాలో తల్లి పక్కన కూర్చుని, ఆవిడ చెప్పే కథకి ఊఁ కొడుతున్నాడు. అది వాడు పుట్టకముందటి కథ. అందులో అందరూ బతికే ఉన్నారు.

*

సాయంకాలం ఐజయా పోలైట్ వచ్చాడు. తాతల తాతలు బానిసలుగా ఉన్న రోజుల్లో చెక్కలతో కట్టుకున్న ప్రార్థన ఇల్లు ఒకటుంది ఆ దీవిలో. దానికిప్పుడు పెద్ద ఆయనే. డెల్ఫీన్ తండ్రితో కలిసి వేటకి పోయినవాడు. ఆమెకి బాబాయ్ వరస. ఎక్కడ కూర్చున్నా ఒళ్ళో సగం అల్లిన వల ఒకటి ఉంటుంది. వేళ్ళు వాటంతటవి ముడులు వేస్తుంటాయి.

వదిన కులాసానా అని అడిగాడు. పీతలు ఎలా పడుతున్నాయని అడిగాడు. ఏటి నీళ్ళు ఎక్కే గడ్డి మడుల మీద ఎండ పచ్చబడి, రాగి రంగుకి తిరిగి, కొంగలన్నీ ఒక్క చెట్టు మీదికి చేరేదాకా అసలు సంగతి ఎత్తలేదు.

ఎత్తాక మాత్రం నాన్చలేదు. లెమ్యుయెల్ బాప్తిస్మం అడిగాడట. చిన్నప్పుడు అందరు పిల్లలూ నీళ్ళలో దిగిన ఏడు వాడు తప్పించుకు తిరిగాడు. తర్వాత తాగుడులో పడ్డాడు. ఇప్పుడు తాగుడు మానేశాడు, జాక్సన్‌విల్ పట్నంలో ఎవరో పాదిరి చెంత కూర్చుని ప్రార్థన నేర్చుకున్నాడు. కానీ బాప్తిస్మం ఇక్కడే, ఈ ఏట్లోనే తీసుకుంటానన్నాడట. ఆదివారం మధ్యాహ్నం ఆటు మొదలయ్యే వేళకి దింపుతామన్నాడు ఐజయా.

ఆ దీవి జనం ఎప్పుడూ ఆటు నీళ్ళలోనే బాప్తిస్మం ఇస్తారు. మనిషి మీంచి కడిగింది నీటితో పాటు సముద్రంలోకి పోవాలని, మళ్ళీ ఒడ్డుకి కొట్టుకు రాకూడదని.

"ముంచేముందు నీళ్ళలో నిలబడి అడుగుతాను, డెల్ఫీ. నీకు తెలుసుగా. ఇతని మీద ఎవరి మనసులోనైనా ఏమన్నా ఉందా అని. ఉందంటే, అది తేలేదాకా ముంచం. నిన్ను పదిమందిలో ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఇవాళొచ్చాను."

"ఉంది బాబాయ్."

"ఉంటుంది. ఉండక ఎక్కడికి పోతుంది?"

ఆయన బోధ మొదలుపెడతాడనుకుంది. ఆయన వలలో మరో ముడి వేశాడు. ఆ నెమ్మది ఆమెకి కోపం తెప్పించింది.

"వాణ్ణి దేవుడు క్షమించేశాడా?"

"వాడు అడిగిన రోజే."

"నన్నడక్కుండానా?"

ఆయన వేళ్ళు ఆగాయి.

డెల్ఫీన్ మాత్రం ఆగలేదు. ఇన్నేళ్ళూ ప్రార్థన ఇంట్లో వెనక బెంచీ మీద కూర్చుని, ఎవరికీ వినబడకుండా అడిగినదంతా బయటికొచ్చింది. "దేవుడి కుమారుడు కూడా ఒకసారి పడవలో నిద్రపోయాడంటారు గదా. గాలివాన వచ్చి, పక్కనున్నవాళ్ళు లేపితే లేచాడంటారు. నా బిడ్డ లేపితే లేవలేదా బాబాయ్? ఆ పొద్దున్న ఆ పడవలో నిద్రపోయింది వీడొక్కడేనా?"

వరండా చివర ఆర్నెటా కునుకుతోంది. ఐజయా ఒళ్ళోని వల తీసి పక్కన పెట్టాడు.

"నా భార్య పోయినప్పుడు నేనూ గట్టిగానే అడిగానమ్మా," అన్నాడు. "జవాబు రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నేను అడుగుతున్నంతసేపూ ఎవరో వింటున్నట్టే ఉండేది. నేను నానా మాటలూ అన్నాను. వినేవాడు మాత్రం లేచి వెళ్ళిపోలేదు. నాకు తెలిసింది అంతే. అంతకుమించి తెలిసినట్టు నటించలేను."

వల చుట్టుకుని లేచాడు. ఆలోచించుకో అని కూడా అనలేదు.

*

శనివారం పొద్దున్న మంచు ఎంత దట్టంగా దిగిందంటే వరండా మెట్ల తర్వాత లోకం లేదు.

ఆర్నెటా పక్క ఖాళీగా ఉంది. కొక్కేనికి వేలాడే ఆవిడ తెల్ల గౌను, ప్రార్థనలకి వేసుకునేది, లేదు. వెనక తలుపు వారగా తెరిచి ఉంది. బయట బురదలో చిన్న పాదాల గుర్తులు గడ్డి మడుల వైపు పోయి, అక్కడ నీళ్ళలో కలిసిపోయాయి. ఏరు పోటు మీద ఉంది. మడుల మధ్య నడిచే దారి అప్పటికే మునిగింది.

డెల్ఫీన్ పక్కింటి హెస్టర్ తలుపు తట్టింది. హెస్టర్ ఆమెకి పినతండ్రి కూతురు, గట్టి మనిషి. మారు మాట్లాడకుండా చెప్పులేసుకుని, రోడ్డు వైపు నేను జనాన్ని పంపుతాను, మీరు నీళ్ళ వైపు చూడండి అంది.

మీరు అంది. డెల్ఫీన్ వెనక్కి చూస్తే లెమ్యుయెల్ ఉన్నాడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని.

రేవు చెక్కల చివర చిన్న పడవ కట్టేసి ఉంది. వాడు తాడు విప్పాడు. విప్పి, అది చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"అక్కా, నేను ఆనాటి నుంచీ పడవెక్కలేదు."

"నేనూ ఎక్కలేదు," అంది డెల్ఫీన్. "ఎక్కు."

వాడు వెనక నిలబడి గెడ వేశాడు. ఆమె ముందు కూర్చుంది. కూర్చున్నాక గానీ తట్టలేదు, అది సైలస్ నిలబడిన చోటని. మంచు పడవని మింగేసింది. గడ్డి దుబ్బులు ఎదురుగా వచ్చి, ఏదో చెప్పబోయి మానుకున్నట్టు పక్కకి తప్పుకుపోతున్నాయి. పైనా తెలుపే, కిందా తెలుపే. పడవ నీళ్ళ మీద పోతోందో, నిలబడే ఉందో తెలియడం లేదు. అమ్మా, అమ్మా అని ఆమె పిలుస్తోంది. పిలుపు ఎంతో దూరం పోకుండానే మెత్తబడి రాలిపోతోంది.

కాసేపు పిలవకక్కా, విందాం, అన్నాడు లెమ్యుయెల్. గెడ పైకెత్తాడు. పడవ తనంతట తాను తేలుతోంది. గెడ మీంచి బొట్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఏమీ వినబడలేదు. అన్నేళ్ళ తర్వాత అంత దగ్గరగా, అంత నిశ్శబ్దంగా వాళ్ళిద్దరూ ఉండడం అదే మొదలు.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు వాడు. "అమ్మకి చెప్పలేనని తెలిసిపోయింది. నీకు చెప్పాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పను. రేపు నీళ్ళలో దిగడానికి నాకు అర్హత లేదు ఇది చెప్పకపోతే."

ఆమె తిరిగి చూడలేదు. వాడి గొంతు మంచులోంచి, ఎవరిదో అన్నట్టు వచ్చింది.

"నేను ఒళ్ళు తెలీకుండా పడున్నాననుకున్నారందరూ. అలాగే అనుకోనిచ్చాను. నేను తెలివిలోనే ఉన్నానక్కా. వాడు పిలిచాడు. మామా, ఇసక తిప్ప అన్నాడు. విన్నాను. ఇంకాస్సేపు పడుకుందాంలే అనుకున్నాను. మళ్ళీ పిలిచాడు. అప్పుడు కళ్ళు తెరిచాను. అప్పటికి..."

అంతటితో ఆగిపోయాడు.

డెల్ఫీన్ రెండు చేతులతో పడవ అంచు పట్టుకుంది. విన్నాడు. నిద్ర కాదు. విని పడుకున్నాడు. ఇన్నేళ్ళూ తను మోసిన కోపం ఇంత చిన్నదా అనిపించింది. ఇప్పుడు లేచి వాణ్ణి నీళ్ళలోకి తోసేస్తే ఈ మంచులో ఎవరు చూస్తారు అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చి, పడవ పక్కనే కాసేపు తేలి, పోయింది. దాని వెనక ఆమె ఎదురుచూడనిది ఇంకొకటి వచ్చింది.

"గొంతు ఎలా ఉంది?" అంది.

"ఏంటక్కా?"

"వాడి గొంతు. పిలిచినప్పుడు. భయపడ్డాడా?"

లెమ్యుయెల్ చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదని ఆలోచిస్తున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"లేదు. విసుక్కున్నాడు. మళ్ళీ నన్ను లేపాల్సొచ్చిందని విసుక్కున్నాడు."

ఆమె నోట్లోంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ప్రతి నిద్రలోనూ ఆమె వింటున్నది ఒకటే కేక. భయంతో అమ్మా అనే కేక. అది ఆమె తనకి తాను కల్పించుకున్నది. అసలుది ఇన్నాళ్ళూ వీడి దగ్గరుండిపోయింది. బడికి లేపడానికి వెళ్తే తన మీద విసుక్కునే కొడుకు, బూట్ల తాడు ముడి పడితే విసుక్కునే కొడుకు, ఆఖరిసారి కూడా మామూలుగా, ఎప్పటిలాగే విసుక్కున్నాడు. కన్నీళ్ళు చెంపల మీద మంచుతో కలిసి చల్లగా జారాయి. ఆమె తుడుచుకోలేదు.

అప్పుడు వినబడింది. ఎడమ వైపు, దూరం కాదు, ఎవరో నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నారు.

మడుల మధ్య మెరక ఒకటుంది, ఒక్క ఓక్ చెట్టు పట్టేంత. ఆ చెట్టు వేరు మీద ఆర్నెటా కూర్చుని ఉంది, తెల్ల గౌనులో, చెప్పులు విప్పి ఒళ్ళో పొందిగ్గా పెట్టుకుని. నీళ్ళు ఆవిడ మడమలు దాటాయి. తల పక్కకి వంచి, పక్కనున్న మనిషితో చెబుతున్నట్టు మెల్లగా ఏదో చెబుతోంది. పడవ చూసి చెయ్యూపింది, పేటకి పోయే బండి కోసం చూస్తున్నదానిలా.

డెల్ఫీన్ మోకాలి లోతు నీళ్ళలో దిగి పరుగెత్తింది. చేతులు తడిమింది, పాదాలు తడిమింది. చల్లగా ఉన్నాయి గానీ దెబ్బ ఏమీ లేదు.

"ఒక్కదానివే ఇంత దూరం ఎలా వచ్చావమ్మా?"

"ఒక్కదాన్నే ఎందుకొస్తానే," అంది ఆర్నెటా.

"మరి ఎవరున్నారు?"

ఆవిడ నుదురు ముడిపడింది. పెదవులు కదిలాయి. ఏదో మాట కోసం నోట్లోనే వెతుక్కుంది. దొరకలేదు. సిగ్గుపడినట్టు నవ్వింది.

"పేరు నాలిక మీదికి రావట్లేదు. చిన్నప్పటి నుంచీ ఎరిగున్న పేరే. ఏం చేస్తాం, నా బుర్ర ఇలా అయిపోయింది. మర్చిపోయానని చెప్పాను కూడాను. అయినా ఏమీ అనుకోలేదు. నీళ్ళు పెరుగుతున్నాయి, మీరు పోండి అన్నాను. పోలేదు. కూర్చున్నాడు పాపం, మీరు వచ్చేదాకా."

డెల్ఫీన్ చెట్టు మొదట్లో ఆ ఖాళీ చోటు వైపు చూసింది. తడి వేరు, నాచు, దాని మీద తెల్లటి మంచు. ఏమీ లేదు. అయినా తల్లి చెప్పులు అక్కడ పెట్టబోయి, ఎందుకో పెట్టలేకపోయింది. తన చేతిలోనే పట్టుకుంది.

లెమ్యుయెల్ తల్లిని రెండు చేతుల మీదా ఎత్తుకుని పడవలోకి నడిచాడు. ఆవిడ వాడి గడ్డం తాకి, మొహం పరకాయించి చూసింది.

"ఎవరబ్బాయివి నాయనా? మంచివాడిలా ఉన్నావు."

వాడు ఆవిణ్ణి ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు. "ఆర్నెటా కొడుకునమ్మా."

"అదృష్టవంతురాలు," అంది ఆవిడ. వాడి భుజం మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది.

తిరుగుదారిలో డెల్ఫీన్ గెడ తీసుకుంది. వాడు అడిగాడు అప్పుడు, ఒక్కసారే, ఆమె వైపు చూడకుండా. నన్ను క్షమించమని అడగచ్చా అక్కా అన్నాడు. ఆమె గెడ దింపింది, తోసింది, పైకి లాగింది. రేవు చెక్కలు మంచులోంచి నల్లగా కనబడేదాకా మాట్లాడలేదు. కనబడ్డాక కూడా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న సంచిని మెట్ల మీద పెట్టలేదు. అంతకన్నా ఇంకేమీ చెయ్యలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం ఏటి ఒడ్డున జనం నిండారు. మంచు విడిపోయి ఎండ కాసింది. కానీ ఆకాశం ఇంకా పల్చటి గుడ్డ కప్పుకున్నట్టే ఉంది. బాప్తిస్మం తీసుకునే పిల్లలు తెల్ల బట్టల్లో, తలకి తెల్ల గుడ్డలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళ చివర, వాళ్ళందరికంటే బారెడు పొడవున, లెమ్యుయెల్. అవే బట్టలు. చిన్నపిల్లలు వాడి వైపు చూసి నవ్వాపుకుంటున్నారు. వాడు కూడా వాళ్ళతో కొంచెం నవ్వాడు.

ఆర్నెటాని నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. డెల్ఫీన్ పక్కన నిలబడింది.

పోటు నిండి, ఒక్క క్షణం ఏరంతా కదలకుండా ఆగింది. తర్వాత గడ్డి కొసలు మెల్లగా సముద్రం వైపు వాలాయి. ఐజయా పోలైట్ కర్ర ఊతంగా నీళ్ళలో దిగి, పిల్లల్ని ఒక్కొక్కరినీ ముంచి లేపాడు. ఒక్కొక్కరికీ ఒడ్డునుంచి పాట లేచింది.

లెమ్యుయెల్ వంతు వచ్చింది. నడుము లోతు నీళ్ళలో నిలబడ్డాడు. పాట ఆగింది. ఆగిన తీరులోనే తెలిసింది, ఊరంతా దీని కోసమే వచ్చిందని.

ఇతని మీద ఎవరి మనసులోనైనా ఏమన్నా ఉందా అని అడిగాడు ఐజయా. అందరి తరఫునా అడిగినట్టే అడిగాడు. డెల్ఫీన్ వైపు చూడలేదు. ఆయన చూడకపోవడం ఆమెకి తెలిసింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. హెస్టర్ ఆమె మోచెయ్యి మీద చెయ్యి వేసింది, ఊరుకో అనో, చెప్పు అనో. నీళ్ళు కదిలిపోతున్నాయి.

"ఉంది బాబాయ్," అంది డెల్ఫీన్.

 ఐజయా కళ్ళు దించుకున్నాడు.

"నాకుంది. మొన్నటికంటే ఇవాళ ఎక్కువుంది."

లెమ్యుయెల్ తలూపాడు. ఆ తలూపులో ఫిర్యాదు లేదు. ముసలాయన చెయ్యి మెల్లగా విడిపించుకుని, తనంతట తానే ఒడ్డు వైపు తిరిగాడు.

"ఆగు," అందామె. హెస్టర్ చెయ్యి తన మోచెయ్యి మీంచి తీసేసింది. "ఉందన్నాను. నీళ్ళలోంచి రమ్మనలేదు."

ఐజయా తలెత్తాడు.

"అది తేలేదాకా ముంచకూడదన్నది మన ఆచారం. నాకు తెలుసు. నాది ఎప్పటికి తేలుతుందో నాకు తెలీదు బాబాయ్. తేలకపోనూవచ్చు. అందాకా దేవుణ్ణి ఆ ఒడ్డున నిలబెట్టి ఆగమనడం నా వల్ల కాదు. నీళ్ళు పోతున్నాయి. ముంచండి."

ఆ ఒడ్డున అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక ఎవరో, అదెలా కుదురుతుంది అని గొణిగారు. ఐజయా ఎవరి వైపూ చూడలేదు. నీళ్ళ వైపు చూశాడు. తర్వాత లెమ్యుయెల్ వీపు వెనక ఒక చెయ్యి వేశాడు, ఛాతీ మీద మరో చెయ్యి పెట్టాడు. తండ్రి పేరిట, కుమారుని పేరిట, పరిశుద్ధాత్మ పేరిట వెనక్కి వాల్చాడు.

నెరిసిన ఆ తల నీళ్ళ కిందికి పోయింది. నీళ్ళు మూసుకున్నాయి. డెల్ఫీన్ తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది, వాడు లేచేదాకా వదల్లేదు.

పాట లేవలేదు. ఎవరు మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో ఆర్నెటా ఒక్కతే, కుర్చీలో కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని, కూనిరాగం తీసింది. తర్వాత మెల్లగా ఒక గొంతు కలిసింది, ఇంకోటి కలిసింది.

నీళ్ళలోంచి లేచిన మనిషికి ఇంటివాళ్ళు ఒడ్డున ఎదురెళ్ళి దుప్పటి కప్పాలి. పిల్లలకి తల్లులు కప్పారు. లెమ్యుయెల్ కోసం హెస్టర్ తెచ్చిన తెల్ల దుప్పటి ఆమె చేతుల్లోనే ఉంది. హెస్టర్ చుట్టూ చూసింది. తర్వాత ఏమీ అనకుండా దాన్ని డెల్ఫీన్ చేతుల్లో పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

లెమ్యుయెల్ బురదలో కాళ్ళు కూడదీసుకుంటూ పైకి వస్తున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది. దుప్పటి ఎవరి చేతుల్లో ఉందో అప్పుడు చూశాడు. చూసి, పాదాలు ఇంకా నీళ్ళలో ఉండగానే, అక్కడే ఆగిపోయాడు.

డెల్ఫీన్ దుప్పటి మడత విప్పింది. కాళ్ళు మాత్రం ఇంకా కదలలేదు.